కప్పు దిగిన రేకు

ఇనుప రేకుకు మన దేశంలో రెండు ధరలు ఉన్నవి. ఒకటి తూకపు ధర, మరొకటి రేకు ధర. పాత ఇనుము కొట్టు యజమాని దానిని కాటా మీద పెట్టి కిలోల లెక్కన కొంటే అది తుక్కు. పశువుల కొట్టము కొరకో, వంటపాక కొరకో వెదుక్కుంటూ వచ్చిన రైతు దానిని నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూచి, అడుగుల లెక్కన బేరమాడితే అది ఇంకా రేకే. వస్తువు ఒక్కటే, అందులోని ఇనుమూ ఒక్కటే. ఆ రెండు ధరల నడుమ తేడాను నిర్ణయించేది చాలా సందర్భాలలో రేకు వయస్సు కాదు. దానిని కప్పు మీది నుండి ఏ విధంగా దింపినారన్నదే.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు విప్పి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. కట్టడానికి ముహూర్తం ఉన్నది, మేస్త్రీ ఉన్నాడు, కొలతలు ఉన్నవి. విప్పడానికి సాధారణంగా ఉండేవి ఒక గడ్డపార, ఒక సుత్తె, సాయంత్రానికల్లా పని ముగించాలన్న తొందర. ఆ తొందరలో పాడయ్యేది రేకు ఒక్కటే అయితే ఇంత వ్రాయవలసిన అవసరం ఉండేది కాదు.

ఈ విషయాన్ని పరిశీలించడానికి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని బిలాస్‌పూర్ ప్రాంతం చాలా అనువైనది. బిలాస్‌పూర్ నుండి ముంగేలీ పోయే దారిలో, సుమారు 30 కిలోమీటర్ల దూరాన, మనియారీ నది ఒడ్డున తఖత్‌పూర్ అనే పట్టణం ఉన్నది. రతన్‌పూర్‌ను ఏలిన తఖత్ సింగ్ పేరు మీద ఆ ఊరు వెలసినదని చెబుతారు. చుట్టూ వరిపొలాలు. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అని ఊరికే అనలేదు. ధాన్యం ఉన్నచోట బియ్యపు మిల్లు ఉంటుంది. మిల్లు ఉన్నచోట గోదాము, గోదాము మీద రేకుల కప్పు తప్పవు. పల్లెలలోని పాత ఇళ్లకు మన కూన పెంకుల వంటి నాటు పెంకులే కప్పు. అక్కడివారు వాటిని ఖప్రా అంటారు. ఏటా తొలకరికి ముందు వాటిని సర్దుకోవాలి, పగిలినవి మార్చుకోవాలి. పెంకులు చేసే కుమ్మరులు తగ్గినారు, కప్పులెక్కి పెంకులను పీకే కోతులు పెరిగినవి. పెంకుటింటి స్థానంలో రేకుల ఇల్లు రావడానికి ఆర్థిక కారణాలతో పాటు కోతులు కూడా ఒక కారణమంటే తెలంగాణ పల్లెల వారికి నవ్వు రాదు.

తెలుగువారికి ఆ ప్రాంతం పరాయిది కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూరు నుండి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ వరకు వేసిన మార్గం 1891లో సరకు రవాణాకు సిద్ధమయినది. విజయనగరం నుండి రాయపూర్‌కు కొండల మధ్యగా వేసిన మార్గం 1931లో పూర్తి అయినది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి రైల్వే కొలువులకు పోయిన కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో వలెనే బిలాస్‌పూర్‌లోనూ తరతరాలుగా స్థిరపడి ఉన్నవి. 2003 నుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. రైల్వేకూ ముడతల రేకుకూ ఉన్న బంధం పాతది. ఇంజను షెడ్డు, గూడ్సు షెడ్డు, ప్లాట్‌ఫారం మీది నీడ, గ్యాంగు కూలీల సామాను కొట్టు, వీటన్నిటికీ త్వరగా వేయదగినది, అవసరం తీరిన పిమ్మట త్వరగా తీయదగినది రేకే.

ఇక మూడవ సంగతి. ఆ రాష్ట్రం ఉక్కు కొలిమి వంటిది. 1959లో మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిగిన భిలాయి అక్కడనే ఉన్నది. రాయపూర్ పక్కన సిల్తరా, ఉర్లా పారిశ్రామిక వాడలలో ఉక్కు కరిగించే కొలుములు, రోలింగు మిల్లులు ఉన్నవి. తఖత్‌పూర్‌లో కప్పు దిగిన రేకు లారీ ఎక్కితే ఒక పూటలో కొలిమి ముఖం చూడగలదు. తుక్కును కరిగించడం చెడ్డ పని కాదు. ప్రపంచ ఉక్కు సంఘం లెక్క ప్రకారం ఒక టన్ను తుక్కును కరిగించి ఉక్కు చేస్తే 1.4 టన్నుల ఇనుప ఖనిజం, 740 కిలోల బొగ్గు, 120 కిలోల సున్నపురాయి మిగులుతవి. కాని ఒక టన్ను అంటే ఎన్ని రేకులు? 24 గేజి మందం గల ఎనిమిదడుగుల రేకు, పది ముడతలది, సుమారు 11 కిలోలు తూగుతుంది. అనగా టన్నుకు 85 నుండి 90 రేకులు. వెయ్యి చదరపు అడుగులకు మించిన కప్పు అది. అందులో సగమైనా ఇంకా ఇరవై ఏళ్లు వాన ఆపగలిగినవయితే, వాటిని కరిగించి మరల సాగదీసి, మరల ముడతలు వేసి, మరల జింకు పూసి, మరల అదే పల్లెకు తెచ్చి అమ్మడం కన్న వింత ఏమున్నది?

ముడతలో ఉన్న బలం

పలుచని కాగితాన్ని చేతితో నిలబెట్టితే వాలిపోతుంది. దానినే విసనకర్ర వలె మడతలు పెట్టితే పుస్తకం బరువు మోస్తుంది. లండన్ రేవుల కంపెనీలో ఇంజనీరుగా ఉన్న హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో ఇనుప రేకుకు చేసి పేటెంటు పొందినది ఇదే. అయితే ముడత రేకుకు బలమిచ్చినది గాని ఆయువునివ్వలేదు. ఆ పని 1837లో ఫ్రాన్సు దేశీయుడు స్తానిస్లాస్ సోరెల్ వలన జరిగినది. ఇనుమును కరిగిన జింకులో ముంచి తీసే పద్ధతికి ఆయన పేటెంటు పొందినాడు.

జింకు కేవలం దుప్పటి కాదని తెలిసికొనుట అవసరం. రంగు వేసిన ఇనుము మీద ఎక్కడ గీత పడితే అక్కడ తుప్పు మొదలవుతుంది. జింకు పూసిన ఇనుము మీద గీత పడినా, పక్కనున్న జింకు ముందుగా తాను క్షీణించి ఇనుమును కొంతకాలం కాపాడుతుంది. రేకు అంచును కోసినా, మేకుకు రంధ్రం చేసినా వెంటనే కుళ్లిపోకపోవడానికి కారణం ఇదే. రేకు పాతదయినా మరల పనికి వచ్చునన్న ఆశ అంతా ఈ గుణం మీద ఆధారపడినది.

పై నుండి క్రిందికి

తఖత్‌పూర్ వంటి ఊరిలో ఒక పాత బియ్యపు మిల్లు షెడ్డును విప్పవలసి వచ్చినదనుకుందాము. అందుకు తగిన కాలం ఎండాకాలం. జూన్ మధ్యకు వానలు వచ్చేస్తవి. కాని ఎండాకాలంలో రేకు పగటివేళ చేయి పెట్టలేనంతగా కాలుతుంది, మధ్యాహ్నం దాటినాక గాలిదుమ్ము లేస్తుంది. కనుక పని తెల్లవారుజామున మొదలై ఎండ ముదిరేలోగా ఆగాలి. గాలిలో పట్టుకున్న ఎనిమిదడుగుల రేకు తెరచాప వంటిది. దానిని పట్టుకున్న మనిషిని అది తీసుకుపోతుంది గాని, మనిషి దానిని తీసుకుపోలేడు.

మొదట చేయవలసినది కప్పు ఎక్కడం కాదు, కప్పు క్రింద నిలబడి పైకి చూడడం. కరెంటు తీగలు కప్పు క్రింద దూలాల వెంట పోతుంటవి. వాటిని స్తంభం దగ్గరనే తెంచి వేయాలి. దూలాలు, అడ్డకమ్ములు ఎక్కడెక్కడ ఉన్నవో, వాటిలో చెద పట్టినవి, తుప్పు తిన్నవి ఏవో చూచుకోవాలి. ఎక్కడ చుక్కలుగా వెలుతురు కనబడుతున్నదో, ఆ రేకుల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి. ఆ చుక్కలు లోపలి చీకటిలో నక్షత్రాల వలె అందంగానే కనబడుతవి. పైకెక్కిన వానికి మాత్రం అవి మృత్యుద్వారాలు.

కప్పు మీద నడవడానికి ఒకటే బాట ఉన్నది. అది బోల్టుల వరుస. బోల్టు ఉన్నచోట క్రింద కమ్మి ఉంటుంది. రెండు బోల్టు వరుసల నడుమ అడుగు వేసిన మనిషి తన బరువును మిల్లీమీటరు కన్న పలుచని రేకుకు అప్పగిస్తున్నాడు. అనుభవం గల మేస్త్రీలు అక్కడ అసలు నడువరు. వరుసల మీద వెడల్పాటి పలకలు పరచుకొని, వాటి మీదనే కదులుతారు. నడుముకు కట్టిన తాడును కప్పులోని దూలానికి బిగిస్తారు. కొత్తవానికి ఇది అనవసరపు ఆర్భాటంగా తోచును.

రేకులు వేసేటప్పుడు చూరు నుండి మొదలు పెట్టి నడికొప్పు వైపు పోతారు. క్రింది రేకు మీదికి పై రేకు ఆరు అంగుళాలు వచ్చేటట్లు, పక్క రేకు మీదికి ఒకటిన్నర ముడత వచ్చేటట్లు పరుస్తారు. విప్పేటప్పుడు ఈ క్రమమంతా తిరగబడాలి. ముందుగా కొప్పు రేకు, పిమ్మట పై వరుస, చివరకు చూరు వరుస. కడపట వేసిన రేకు ముందుగా రావాలి. ఈ క్రమం తప్పి నడుమ నుండి పెకలిస్తే పై రేకు అంచు క్రింది రేకును పట్టుకుంటుంది. అప్పుడు గడ్డపార వస్తుంది, గడ్డపార వచ్చిన చోట రేకు మడత పడుతుంది. ముడతల వెంట పడిన సొట్టను చెక్కసుత్తెతో కొంతవరకు సరిచేయవచ్చు. ముడతలకు అడ్డంగా పడిన మడతకు మందు లేదు. పామర్ ఇచ్చిన బలం ఆ గీత దగ్గర పోయినట్లే. ఆ రేకు ఇక గోడకో, కంచెకో తప్ప కప్పుకు పనికిరాదు.

అసలు పరీక్ష బోల్టు దగ్గర. పాత షెడ్లలో రేకును కమ్మికి పట్టి ఉంచేది జె ఆకారపు హుక్కు బోల్టు. ఇరవై ముప్పై ఏళ్ల తుప్పుతో నట్టు కదలదు. అప్పుడు తొందరపడిన కూలీ ఉలి పెట్టి సుత్తెతో కొడతాడు. నట్టు ఊడుతుంది, దానితో పాటు రంధ్రం చుట్టూ రేకు చిరుగుతుంది. పెసరగింజంత రంధ్రం రూపాయి బిళ్లంత అవుతుంది. తూకపు ధరకూ రేకు ధరకూ మధ్య గీత సరిగా ఇక్కడనే గీయబడుతుంది. ఓపిక గల చేయి ముందురోజు సాయంత్రమే ప్రతి నట్టు మీద కాస్త కిరసనాయిలు పోసి వదలివేస్తుంది. తెల్లవారి స్పానర్‌తో తిప్పితే చాలా నట్లు కదులుతవి. కదలని వాటిని ఆక్సా బ్లేడుతో రేకుకు ఎగువన కోసి, బోల్టును క్రిందికి నెట్టివేస్తుంది. రేకుకు గాయం ఉండదు. బోల్టు పోతే పోయినది, దాని వెల ఎంత?

గ్యాసుతోనో, కోత యంత్రంతోనో క్షణంలో కోయవచ్చు కదా అని పాఠకులు అడుగవచ్చు. బియ్యపు మిల్లులో దూలాల మీద తవుడు, ఊక దుమ్ము అంగుళాల మందాన పేరుకుని ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. పైగా జింకు 907 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర మరిగి ఆవిరి అవుతుంది. గ్యాసు మంట అంతకు మించిన వేడి గలది. ఆ తెల్లని పొగను పీల్చినవానికి కొన్ని గంటలలో చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తవి. ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది గనుక మలేరియా అనో, ఎండదెబ్బ అనో అనుకుని మరుసటి వారం మరల అదే పొగలోకి పోతారు.

విప్పిన రేకును విసరకూడదు. ఇద్దరు మనుషులు రెండు కొసలు పట్టుకుని, వాలుగా ఆనించిన రెండు వెదుళ్ల మీదుగా తాడుతో జార్చాలి. క్రింద అందుకొనే వానికి తోలు తొడుగులు కావాలి. రేకు అంచు కత్తి కన్న పదునైనది, తుప్పు గాయానికి ధనుర్వాతపు సూది తప్పదు. దింపిన రేకులను నేల మీద బోర్లా పడవేయక, కర్రల మీద కొంచెం వాలుగా పేర్చాలి. ఒకదానిలో ఒకటి ఒదిగిన రేకుల మధ్య నీరు నిలిస్తే గాలి ఆడక జింకు తెల్లని పిండిగా మారుతుంది. దానిని తెల్లతుప్పు అంటారు. పాతికేళ్లు వానలో నిలిచిన రేకు దొంతరలో ఒక వానాకాలం తడిసి పాడయిపోవడం ఈ వ్యాపారంలో కొత్త కాదు.

ఇదంతా ఎవరు చేస్తారు? యజమాని షెడ్డును మొత్తంగా ఒక లాటుగా గుత్తేదారుకు అమ్మివేస్తాడు. గుత్తేదారుకు లాభం తొందరలో ఉన్నది. కూలీకి రోజుకూలి తప్ప రేకు నిలిచినా చిరిగినా ఒక్కటే. ఈ ముగ్గురిలో ఎవరికీ రేకు బాగుండాలన్న గరజు లేదు. కూలీ భద్రంగా ఇల్లు చేరాలన్న గరజు కూలీకి తప్ప మరొకరికి ఉన్నట్లు కనబడదు. దినకూలీకి బదులు చెక్కుచెదరకుండా దింపిన ప్రతి రేకుకు ఇంత అని ఇస్తే, రేకు రక్షణా మనిషి రక్షణా ఒకే దారిన పోతవని నా అభిప్రాయం. రేకును చింపకుండా దింపడానికి కావలసిన నింపాదే మనిషి పడకుండా ఉండడానికి కూడా కావాలి. పలకలు, తాడు, ఉదయపు చల్లదనం, విప్పుటలో వరుస, ఇవన్నీ రెంటికీ ఉమ్మడి. నిర్మాణ కార్మికుల కొరకు 1996లో పార్లమెంటు చేసిన చట్టం కూల్చివేతను కూడా నిర్మాణపు పనిలోనే చేర్చినది. అనగా కట్టే కూలీకి ఉన్న హక్కులు విప్పే కూలీకి కూడా ఉన్నవని అప్పుడే ఒప్పుకున్నారు. చట్టం ఒప్పుకున్నదానిని కప్పు మీద అమలు చేయించేవారు తక్కువ.

జింకు లెక్క

దింపిన రేకులలో ఏవి మరల కప్పెక్కగలవు? ఇది కంటితో కొంత, లెక్కతో కొంత తేలే విషయం.

మన ప్రమాణాలలో 275 రకపు పూత అంటే చదరపు మీటరు రేకుకు రెండు వైపులా కలిపి 275 గ్రాముల జింకు. ఒక్కొక్క వైపు మందం సుమారు 20 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో యాభయ్యో వంతు. పొగ, ఉప్పుగాలి లేని లోతట్టు పల్లెలలో జింకు ఏటా ఒక మైక్రాను కూడా తరగదు. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట ఏటా నాలుగు మైక్రాన్లు, అంతకు మించి కూడా తరుగవచ్చు. అందుచేత తఖత్‌పూర్ గోదాము మీద ముప్పై ఏళ్లు నిలువగల పూత, భీమిలి ఒడ్డున అయిదారేళ్లలో అయిపోవచ్చు. పాత రేకు కొనేవారు అది ఎన్నేళ్లదని అడుగుతారు. ఎక్కడిదని అడగడం అంతకన్న తెలివైన ప్రశ్న.

ఎక్కడిది అన్నది ఊరి సంగతి మాత్రమే కాదు. ఒకే మిల్లులో ఉప్పుడు బియ్యం కొరకు ధాన్యం ఉడికించే తొట్ల పైన ఉన్న రేకులు నిత్యం ఆవిరిలో నాని లోపలి వైపు నుండి తినివేయబడుతవి. పై నుండి చూస్తే అవి బాగానే ఉంటవి. బస్తాల గోదాము పైనున్న రేకులు అంతే వయస్సులో గట్టిగా ఉంటవి. కొట్టములో పశువుల మూత్రపు ఘాటు, గోడ అంచున రేకుకు తగిలిన తడి సున్నం, సిమెంటు కూడా జింకుకు శత్రువులే. రేకు మీద రేకు ఎక్కిన ఆరు అంగుళాల భాగం తడి ఆరక అందరికన్న ముందు కుళ్లుతుంది. అలాంటప్పుడు రేకంతా పారవేయనక్కరలేదు. రెండు కొసలా అర్ధ అడుగు కోసివేస్తే ఎనిమిదడుగుల రేకు ఏడడుగుల మంచి రేకు అవుతుంది.

ముడతల రేకుకు మరొక అదృష్టం ఉన్నది. దాని ముడతల మధ్య దూరం తరతరాలుగా మూడు అంగుళాలు. అందుచేత తాతల నాటి రేకు ప్రక్కన నేటి రేకు ఒదుగుతుంది. ఇటీవలి దశాబ్దాలలో వచ్చిన రంగు రేకులకు ఈ సౌకర్యం లేదు. వాటి మీద పూత తరచు అల్యూమినియం, జింకు కలిసినది. మరలతో బిగిస్తారు గనుక విప్పడం ఎంతో తేలిక. కాని ఒక్కొక్క కంపెనీ గట్టు ఒక్కొక్క తీరుగా ఉంటుంది. ఒక షెడ్డు రేకులు మరొక షెడ్డు రేకులతో కలియవు. వీటిని కొనేవారు మొత్తం కప్పును ఒకే చోట కొనడం మంచిది.

డార్విన్ నేర్పిన సంగతి

రంధ్రాలు ఉన్న పాత రేకును మరల కప్పున వేస్తే పెనుగాలికి నిలుస్తుందా? ఇది కోస్తా తెలుగువారికి ప్రాణసమస్య. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం విమానాశ్రయపు కప్పునే చించివేసినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినది. అటువంటి గాలిలో ఊడిన రేకు దాని క్రింద ఉన్నవారి కన్న వీధిలో ఉన్నవారికి ఎక్కువ అపాయం.

ఈ ప్రశ్నకు సమాధానం ఆస్ట్రేలియా ఉత్తర తీరాన దొరికినది. 1974 డిసెంబరు 24 రాత్రి ట్రేసీ అనే తుఫాను డార్విన్ నగరం మీద పడి, తెల్లవారేసరికి అక్కడి ఇళ్లలో అత్యధిక భాగాన్ని నేలమట్టం చేసినది. ఇంజనీర్లకు ఆశ్చర్యం కలిగించినది గాలి వేగం కాదు. అంతటి లాగుడును తట్టుకోగలవని పరీక్షలలో రుజువైన రేకులే ఊడిపోయినవి. పరిశీలించగా, మరల చుట్టూ రేకులో సన్నని చీలికలు కనిపించినవి. గాలి ఒక్క పెట్టున లాగివేయలేదు. లాగి వదలి, లాగి వదలి, గంటల తరబడి వేలసార్లు ఊపినది. తీగను అటూ ఇటూ వంచితే తెగినట్లే మర చుట్టూ లోహం అలసి చీలినది. పిమ్మట మర అక్కడనే నిలిచినది, రేకు దాని తల మీదుగా జారిపోయినది. ఆ తరువాత డార్విన్‌లో కప్పు రేకులను పదివేల సార్లు లాగి వదలి పరీక్షించాలని నియమం పెట్టినారు. 1977లో టౌన్స్‌విల్‌లోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయంలో తుఫాను పరీక్షా కేంద్రం ఏర్పడినది.

పాత రేకు కొనేవారికి ఇందులో ఆచరణయోగ్యమైన విషయం ఉన్నది. రేకును వెలుతురుకు పట్టి చూచేటప్పుడు రంధ్రం ఎంత పెద్దదని మాత్రమే గాక, రంధ్రం చుట్టూ వెంట్రుక వంటి గీతలు ఉన్నవేమో చూడాలి. గీత ఉన్న రేకు తుప్పు లేకున్నా కప్పుకు పనికిరాదు. గీతలేని రేకులలో కూడా మేలైనవి చూరుకు, నడికొప్పుకు, కప్పు మూలలకు ఉంచాలి. ఎందుకనగా గాలి లాగుడు అన్నిటికన్న ఎక్కువగా ఉండేది అక్కడనే. మిగిలినవి నడుమ వేసుకోవచ్చు. తీరప్రాంతంలో నివాసగృహానికి పాత రేకులు వాడకుండుటే మేలు, పశువుల పాకకు, కట్టెల కొట్టుకు చాలు. తఖత్‌పూర్ వంటి లోతట్టు ఊళ్లలో ఈ కట్టడి అంత తీవ్రం కాదు. అయినా వేసవి గాలిదుమారాలను తేలికగా తీసుకొనరాదు.

రేకు కాని రేకు

ఇంతవరకు చెప్పినదంతా ఇనుప రేకు గురించి. సిమెంటు రేకు అని మనవారు పిలిచేది వేరు జాతి. దానిలో కలిసేది ఆస్‌బెస్టాస్ అనే ఖనిజపు నార. ఆ నార దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే దశాబ్దాల తరువాత కూడా కాన్సరు రావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పినది. యాభైకి పైగా దేశాలు దాని వాడకాన్ని నిషేధించినవి. మన దేశంలో ఆ నార కలిసిన రేకుల తయారీ ఆగలేదు. ఇనుప రేకును తట్టితే ఖంగున మ్రోగుతుంది. సిమెంటు రేకు మందంగా, బూడిదవన్నెగా ఉండి, తట్టితే పెంకువలె పలుకుతుంది.

దాని మీద అడుగు పెట్టరాదు. పెళుసుబారిన రేకు ముందుగా వంగదు, హెచ్చరించదు, ఒక్కసారిగా పగులుతుంది. కప్పులో వెలుతురు కొరకు వేసిన ప్లాస్టిక్ రేకులు కూడా ఎండకు పెళుసెక్కి, దుమ్ము పట్టి, ఇనుప రేకులలో కలిసిపోయి కనబడుతవి. క్రింది నుండి ముందుగా గుర్తు పెట్టుకోవాలన్నది ఇందుకే. సిమెంటు రేకును కోయరాదు, పగులగొట్టరాదు, పొడిగా ఊడ్వరాదు. తడిపి, క్రింది నుండి పరంజా మీద నిలిచి, ముక్కలు కాకుండా దింపించవలసి ఉంటుంది. పాత సిమెంటు రేకును మరల వాడుకునే ఆలోచన మానుకొనుటే క్షేమం. పగిలిన ముక్కలను దారి గుంతలలో వేసి పూడ్చడం మన ఊళ్లలో కనబడే అలవాటు. ప్రతి బండి చక్రం క్రింద ఆ నార మరల లేస్తుంది.

కాగితం ముక్క విలువ

పాత రేకు వ్యాపారంలో చివరిదైనా చిన్నది కాని సంగతి రసీదు. రైల్వేవారు తమకు అక్కరలేని ఇనుమును లాట్లుగా వేలం వేస్తారు. బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణం చుట్టుప్రక్కల కొట్లలో ఆ సామాను చట్టబద్ధంగానే తిరుగుతుంది. అయితే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం దొంగిలించినదని అనుమానింపదగిన రైల్వే సామాను ఎవరి దగ్గర దొరికితే, అది తనకు న్యాయంగా వచ్చినదని ఋజువు చేసుకోవలసిన భారం వారిదే. పది రేకులు చవకగా వచ్చినవని సంబరపడిన రైతు ఆ కాగితం లేక చిక్కుల్లో పడకూడదు. మిల్లు రేకులయినా సరే, ఎవరి దగ్గర, ఏనాడు, ఎన్ని కొన్నారో వ్రాయించుకోవాలి.

ఇంటికి చేరిన రేకును వేసేటప్పుడు చేయదగిన పొరపాటు ఒకటి ఉన్నది. లోపలి వైపు కొత్తగా మెరుస్తున్నది గదా అని రేకును తిరగవేస్తారు. రంధ్రాలు ముడత శిఖరం మీద ఉన్నంతకాలమే నీరు వాటి పక్కగా జారిపోతుంది. తిరగవేస్తే శిఖరం కాలువ అవుతుంది, ప్రతి రంధ్రం జల్లెడ అవుతుంది. పాత రంధ్రాలనే వీలైనంత వరకు వాడి, వెడల్పాటి కొత్త వాషర్లు వేయాలి. మిగిలిన రంధ్రాలను తారు పట్టించిన గుడ్డముక్కతోనో, సీలుతోనో మూయాలి. కప్పుకు పనికిరాని రేకులకూ కొరత లేని గిరాకీ ఉన్నది. ప్రహరీ, పెరటి తడిక, కోళ్ల గూడు, కుంపటి, చెత్త ఎత్తే చేట, కాంక్రీటు పోసేటప్పుడు అడ్డుపలక. ఇవేవీ కాలేని తునకలు చివరకు సిల్తరా కొలిమికి పోతవి, పోవలసినవి అవే.

తొలి వాన పడిన రోజున ఇంటివారు కొత్త కప్పు క్రింద నిలబడి పైకి చూస్తారు. కారుతున్న చోట సుద్దముక్కతో గుర్తు పెడతారు. వాన వెలిసి రేకు ఆరిన పిమ్మట, నిచ్చెన వేసుకుని, ఆ గుర్తుకు ఎదురుగా ఉన్న వాషరును మార్చి నట్టును చేతికి అందినంత మాత్రమే బిగించాలి. అతిగా బిగిస్తే శిఖరం అణిగి చుట్టూ నీరు నిలుస్తుంది, మరుసటి వానకు అదే చోట మరల కారుతుంది.